లిఫ్టు ఆగిన శనివారాన్ని వదులుకోవద్దు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏదో ఒక శుక్రవారం నోయిడాలో మా బాల్కనీలో ఆరేసిన బట్టలు క్లిప్పులు ఊడగొట్టుకుని ఎగరడం మొదలుపెడతాయి. ఆ సాయంత్రానికల్లా నాకు ఫోన్లు వస్తాయి. ద్వారకా నుంచి ఒకరు, గురుగ్రామ్ నుంచి ఒకరు, అందరూ మన తెలుగువాళ్ళే. "అన్నా, గుల్మార్గ్‌లో రేపు గాలి బాగా ఉందట. గొండోలా ఆపేస్తారట. పిల్లలతో అంత దూరం పోయి ఏం చేస్తాం? టికెట్లు క్యాన్సిల్ చేసేయమంటావా?"

వద్దంటాను. గాలి ఉంది కాబట్టే వెళ్ళమంటాను. అవతల కాసేపు మాట వినబడదు.

ఇక్కడ చెప్పబోయేవన్నీ అలాంటి సలహాలే. వినగానే తలకిందులుగా తోస్తాయి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు చెప్పేదానికీ, కిందటేడు వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళు చెప్పేదానికీ ఇవి పూర్తిగా ఎదురు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. వీటిలో సగం నా మోకాలు నేర్పినవి, మిగతా సగం మా నాన్న నేర్పినవి. ఆయన ఇంతవరకూ మంచు కొండ చూడలేదు.

మాది బందరు పక్కన గిలకలదిండి. నాన్న మరపడవ మీద వేటకు వెళ్ళేవాడు. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పడవలన్నీ ఒడ్డునే. పిల్లలం ఆ రోజు నాన్నకు సెలవనుకునేవాళ్ళం. నిజానికి ఆ రోజే ఆయనకు పని ఎక్కువ. వల మొత్తం దులిపి పరిచి, తెగిన కళ్ళు ఒక్కొక్కటీ వెతికి అల్లేవాడు. పక్కన కూర్చుంటే నా చేతికీ దారం ఇచ్చేవాడు. ముడి వేయడం, తాడు చుట్టడం, ఇంజను విప్పి తుడవడం, నాకు వచ్చినవన్నీ గాలి రోజుల్లో వచ్చినవే. నడి సముద్రంలో నేర్పే తీరిక ఎవరికి ఉంటుంది? 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను పడుచు వయసులో కళ్ళారా చూసినవాడాయన. గాలి గురించి ఆయన తేలిగ్గా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. గాలి ఎంత ఉందని కూడా అడగడు. ఎటు నుంచి వస్తోందని అడుగుతాడు.

ఆ ప్రశ్న పట్టుకుంటే మంచు కొండల సంగతి సగం అర్థమవుతుంది. చలికాలంలో ఉత్తరాదిన వానా మంచూ తెచ్చేది మన బంగాళాఖాతం కాదు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్. ఢిల్లీ టీవీలో పశ్చిమీ విక్షోభ్ అంటారు. అది దగ్గరకొచ్చేటప్పుడు ఢిల్లీలో మబ్బు పట్టి, రాత్రి చలి కొంచెం తగ్గుతుంది. అది కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల మీద మంచు కురిపించి దాటిపోయాక వాయవ్యం నుంచి చల్లగాలి దిగుతుంది. నగరం మీది పొగమంచును చెదరగొట్టేదీ ఆ గాలే. అంటే మా బాల్కనీలో బట్టలు ఎగిరాయంటే పైన కొత్త మంచు పడి ఉంటుందని అర్థం. మంచు కావాలి గానీ గాలి వద్దు అంటే, వాన కావాలి గానీ మబ్బు వద్దు అన్నట్టే.

కాబట్టి మొదటి మాట: గాలి ఉందని ప్రయాణం మానుకోవద్దు. మానుకోవాల్సింది గొండోలాలో, అంటే తీగ మీద వేలాడే పెట్టె లిఫ్టులో, పైకెక్కడం. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లే మనవాళ్ళు ఇల్లు కదలరు, కదిలినా గొండోలా గేటు ముందు నిలబడి రోజంతా తిట్టుకుంటారు. రోడ్డు మూసేసినా, విమానాలు ఆపేసినా, అధికారులు రావద్దన్నా అది వేరే సంగతి. అప్పుడు ఇంట్లోనే ఉండండి.

రెండోది: మొదటి రోజుకు గొండోలా టికెట్టు కొనవద్దు. ఢిల్లీ నుంచి వెళ్ళే ప్రతి కుటుంబం ముందు చేసే పని అదే. శనివారం ఉదయానికి ఫేజ్ వన్, ఫేజ్ టూ రెండూ కొని పెట్టుకుంటారు. కశ్మీర్‌లోని గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి కొంగ్‌డోరి దాకా మొదటి దశ 1998లో వచ్చింది. కొంగ్‌డోరి నుంచి అఫర్వాట్ కొండ భుజం దాకా, అంటే దాదాపు 3,980 మీటర్లకు, రెండో దశ 2005లో వచ్చింది. ఢిల్లీ ఎత్తు రెండు వందల మీటర్ల పైచిలుకు. శుక్రవారం రాత్రి అక్కడ పడుకున్న మనిషి శనివారం మధ్యాహ్నానికి నాలుగు వేల మీటర్ల దగ్గర నిలబడితే తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది. పైగా స్కీలు కాళ్ళకు తగిలించుకోవడం కూడా రానివాడికి అంత ఎత్తున పనేముంది?

నేనూ అలాగే ఎక్కినవాణ్ణి. పదకొండేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు బ్రహ్మాండమైన ఎండ, ఆకు కదలని రోజు. నేర్పుతానన్న కుర్రాడు గంటసేపు కింద నిలబెట్టి, "చాలు సార్, పైకి పోదాం, అక్కడ మజా" అన్నాడు. రోజు బాగుంది కదా అని నేనూ ఊఁ అన్నాను. కొంగ్‌డోరి నుంచి కిందికి సగం దూరం కూర్చునే వచ్చాను. చివరి మలుపులో ఎడమ మోకాలు మెలిపడింది. ఆరు వారాలు మెట్రో మెట్లు ఒక్కో కాలే వేస్తూ ఎక్కాను. తప్పు ఆ కుర్రాడిది మాత్రమే కాదు, ఆ మంచి వాతావరణానిది కూడా. ఎండ కాస్తే నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. లిఫ్టు తిరుగుతుంటే చూపు దాని మీదే ఉంటుంది.

గాలికి లిఫ్టు ఆగిన రోజున ఆ ఆశ ఉండదు. పైన గొండోలా కొన దగ్గర ఈదురుగాలి హోరెత్తుతున్నా, కింద గోల్ఫ్ మైదానం పక్కన చెట్ల చాటున అంత ఉండదు. కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు ఉన్నది అక్కడే. పెద్ద స్కీయర్లు ఆ రోజు హోటల్లో కాంగ్డీ నిప్పుల కుండ దగ్గర కూర్చుని కహ్వా టీ తాగుతుంటారు. పైకి తీసుకెళ్ళే పని లేదు గనక, మామూలు రోజున మీ వంక చూడని మంచి గురువులు ఖాళీగా దొరుకుతారు. ఆ గంటలు డబ్బు పెట్టి కొన్నా మళ్ళీ దొరకవు.

అక్కడ ఏం చేయాలి? ఎక్కాలి. ఇది మూడో సలహా, పిల్లలకు బొత్తిగా నచ్చనిది. జారడానికి ముందు, మొదటి సగం రోజూ ఎక్కడమే పనిగా పెట్టుకోండి. స్కీలు వాలుకు అడ్డంగా పెట్టి పక్క అడుగులతో ఎక్కండి. అది వచ్చాక స్కీల మడమలు దగ్గరగా, ముక్కులు దూరంగా పెట్టి ఎక్కండి. వెనక్కి తిరిగి చూస్తే మంచులో చేపముల్లు ఆకారంలో గీతలు కనిపిస్తాయి. ఇరవై అడుగులు ఎక్కేసరికి స్వెట్టరు లోపల చెమట పడుతుంది, ఎంత గాలిలోనైనా చలి మాట మరచిపోతారు. అంతకంటే ముఖ్యం, స్కీ అంచు మంచును ఎలా పట్టుకుంటుందో పాదానికి తెలుస్తుంది. దిగేటప్పుడు ఆపేది ఆ అంచే. ముక్కులు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే అది బ్రేకు. దాన్ని నాగలి అంటారు. మన పిల్లలకు ఇంత సులువైన పేరుండగా పిజ్జా ముక్కతో పోల్చి చెప్పాల్సిన పని లేదు. చేపముల్లుతో ఎక్కడం, నాగలితో దిగడం. మొదటి రోజుకు ఈ రెండూ చాలు.

స్నోబోర్డు తీసుకున్న పిల్లలకు ఇంకొక్కటి చెప్పండి. పడబోతుంటే అరచేతులు చాపకూడదు. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడాలి. బోర్డు మీద కొత్తవాళ్ళకు ముందు దెబ్బ తగిలేది మణికట్టుకే.

ఇక అన్నిటికన్నా తలకిందులుగా కనిపించే సంగతి. ఇది నా సొంత మాట కాదు, ఈ ఆటలోనే ఉన్నది. భయం వేసినప్పుడు వాలు వైపే ఒంగాలి. ఒళ్ళు మాత్రం వెనక్కి వాలమంటుంది, కొండ వైపు కూర్చోమంటుంది. అలా వాలగానే బరువంతా మడమల మీదికి పోతుంది, స్కీల ముందు భాగం తేలిపోతుంది, తిప్పుదామన్నా తిరగదు, మనిషి కింద నుంచి స్కీలు జారి పరుగెడతాయి. నా మోకాలు పోయింది అందుకే. చీలమండలు వంచి, కాలి ముందు ఎముకను బూటు నాలుక మీదికి నొక్కి, చేతులు ముందుకు చాచి, పోతున్న వైపే చూస్తూ ఉండాలి. గాలి రోజు దీన్ని ఇంకా బాగా నేర్పుతుంది. ఎదురుగాలి వీస్తుంటే ముందుకు ఒంగక తప్పదు. ఆ చిన్న వాలు మీద గాలికి ఎదురుగా పదిసార్లు దిగిన పిల్ల, మర్నాడు గాలి లేకపోయినా ముందుకే ఒంగుతుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు అలాగే వచ్చింది. నాకు మూడు శీతాకాలాలు పట్టిన పని దానికి ఒక్క మధ్యాహ్నంలో ఒంటికి ఎక్కింది.

బట్టల విషయంలోనూ మామూలుగా చెప్పే మాట వినకండి. రెండు జతల సాక్సులు వేసుకోమంటారు. ఒక్కటే వేసుకోండి, ఉన్నిది, మోకాలి దాకా వచ్చేది. స్కీ బూటు గట్టిగా పట్టి ఉంటుంది. రెండు సాక్సులతో నెత్తురు ఆడక వేళ్ళు మొద్దుబారతాయి, మధ్యలో మడత పడిన చోట బొబ్బ లేస్తుంది. కాటన్ బనియను ఇంట్లోనే వదిలేయండి. చెమటకు తడిసి ఒంటికి అంటుకున్న నూలుబట్టను గాలి తాకితే వణుకు ఆగదు. లోపల పలుచని ఉన్ని గానీ సింథటిక్ గానీ, పైన గాలి చొరని జాకెట్టు. మధ్యలో ఉన్న ఆరు స్వెట్టర్ల కంటే పైనున్న ఆ ఒక్క పొర ముఖ్యం. థర్మామీటరులో మైనస్ 5 డిగ్రీలున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని చర్మానికి అది మైనస్ 14లా తగులుతుంది. అందుకే అమ్మలు కొనిచ్చే మంకీ క్యాప్‌ను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చెవులు, మెడ, గడ్డం, అన్నీ మూస్తుంది. హెల్మెట్ కింద పలుచనిది ఒకటి పడుతుంది. పిల్లలు సిగ్గుపడితే ముందు మీరు పెట్టుకోండి. వేలాడే మఫ్లరు మాత్రం వద్దు, చున్నీ కొంగు అసలే వద్దు. లాక్కెళ్ళే తాడులోనో రాడ్డులోనో చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

గుల్మార్గ్ కాక హిమాచల్‌లోని సోలంగ్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మనాలి నుంచి దారి పొడవునా నంబర్లు వేసిన దుకాణాలు సూటూ గమ్‌బూట్లూ అద్దెకిస్తాయి. డ్రైవరు తనకు తెలిసిన నంబరు దగ్గరే ఆపుతాడు. ఆ గమ్‌బూట్లు మంచులో నడవడానికి సరిపోతాయి. స్కీ బూట్లు వేరే, వాటిని నిలబడి, ముందుకు ఒంగి చూసుకున్నాకే డబ్బివ్వండి. మడమ పైకి లేస్తే అది మీ సైజు కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ఢిల్లీవాళ్ళు చెవిన పెట్టాలని మరీ మరీ కోరుకుంటున్నాను. లిఫ్టు ఆపిన మనిషితో వాదించకండి. ఎవరి చేతా ఫోను చేయించకండి. రాజధానిలో ఉండి ఉండి మనకో అలవాటు పడుతుంది. ఏ గేటు మూసినా, తెరిపించగల పెద్దమనిషి ఒకడు ఉంటాడనుకుంటాం. గుల్మార్గ్ గేటు దగ్గర ఫోను చెవిన పెట్టుకుని గొంతు పెంచేవాళ్ళను చాలాసార్లు చూశాను, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఆపినవాడే మీ మేలు కోరినవాడు. పక్క నుంచి గాలి కొడితే వేలాడే పెట్టె ఊగుతుంది. స్తంభాన్ని దాటే చోట ఆ ఊగడం చాలా ప్రమాదం. అందుకే గాలి వేగం చూస్తూ ముందు నెమ్మదిగా తిప్పుతారు, హద్దు దాటితే మనుషుల్ని దించి ఆపేస్తారు.

2017 జూన్ 25 ఆదివారం. మర్నాడు రంజాన్. మంచు కాలం కాదు, వేసవి సెలవుల రద్దీ. ఆ మధ్యాహ్నం గుల్మార్గ్‌లో ఈదురుగాలికి ఒక పెద్ద చెట్టు కూలి గొండోలా దారి మీద పడింది. ఒక పెట్టెలోని ఏడుగురు కిందపడి చనిపోయారు. వాళ్ళలో నలుగురు ఒకే ఇంటివాళ్ళు, ఢిల్లీ నుంచి వెళ్ళిన తల్లీ తండ్రీ ఇద్దరు ఆడపిల్లలు. మిగతా ముగ్గురు అక్కడి గైడ్లు. వంద మందికి పైగా గంటల తరబడి పెట్టెల్లో వేలాడి, తర్వాత ఒక్కొక్కరుగా దిగారు. ఆ వార్త వచ్చిన రాత్రి మా అపార్ట్‌మెంటులో ఎవరికీ అన్నం సహించలేదు. వాళ్ళు మాకు తెలిసినవాళ్ళు కారు, అయినా మాలాగే వారాంతానికి బయల్దేరినవాళ్ళు. అప్పటి నుంచి లిఫ్టు ఆపారంటే నేను గేటు దగ్గరికి వెళ్ళి ఆ మనిషికి దండం పెట్టి వస్తాను. పిల్లల చేత కూడా పెట్టిస్తాను.

ఆపేవరకూ ఎదురుచూడడం కూడా మంచిది కాదు. మీ కళ్ళతో మీరు చూడండి. చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతున్నాయంటే గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటినట్టే. కింద ఆకు కదలకపోయినా, కొండ కొన నుంచి మంచు పొగలా ఎగిరిపోతుంటే పైన గాలి జోరుగా ఉందని లెక్క. ఆ పొగ ఎటు పోతోందో గుర్తు పెట్టుకోండి. ఆదివారం అది అవసరం.

ఎందుకంటే నేను భయపడేది శనివారం గాలికి కాదు, ఆదివారం ఎండకు. గాలి ఆగి, ఆకాశం నీలంగా విచ్చుకుని, కొండంతా కొత్త మంచుతో మెరుస్తుంటే అందరికీ ఉత్సాహం పొంగుతుంది. గాలి నిన్నంతా చేసిన పని పైకి కనిపించదు. ఒక వైపు వాలు మీది మంచును ఊడ్చి, శిఖరం దాటించి, గాలి తగలని అవతలి వైపు పోస్తుంది. అక్కడ అది పలకలా గట్టిపడుతుంది. కింద మెత్తటి పొర, పైన బరువైన పలక. మనిషి అడుగు పడితే ఆ పలక పగిలి మొత్తం జారుతుంది. కళ్ళంలో తూర్పారబట్టిన రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గాలికి పొట్టు ఎటు వైపు కుప్ప పడుతుందో ఆయనకు తెలుసు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు హిమపాతంలో, అంటే మంచు చరియ విరిగిపడి, పోయారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయరు. 2010 ఫిబ్రవరి 8న అదే కొండ కింద ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు. మంచులో పని చేయడమే వృత్తిగా ఉన్నవాళ్ళకే అలా జరిగింది. చండీగఢ్‌లోని డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే హిమపాతం హెచ్చరికను, మన రేవు హెచ్చరికను చూసినట్టే చూడాలి. ఆదివారం లిఫ్టు తిరిగినా, ప్యాట్రోల్ వాళ్ళు తెరిచిన గీత దాటి ఒక్క అడుగు వేయవద్దు. తాడు అవతల మంచు ఎంత బాగున్నా సరే. కొత్తవాళ్ళైతే ఆదివారం కూడా కిందే ఉండండి.

చిన్నవి కొన్ని. ఫోను పై జేబులో పెడితే చలికి బ్యాటరీ గంటలో చచ్చిపోతుంది, ఒంటికి ఆనుకునే లోపలి జేబులో పెట్టండి. గ్లవ్ తీసి వీడియోలు తీయవద్దు. గాలికి ఎగిరిన గ్లవ్ వెనక పరుగెత్తి పడినవాళ్ళను ఎత్తాను కూడా. పులిహోర చలికి గింజ గట్టిపడి మింగుడుపడదు, సున్నుండలు పట్టుకెళ్ళండి. నోయిడా సెక్టార్ 18లో డీఎల్‌ఎఫ్ మాల్ ఆఫ్ ఇండియాలోని స్కీ ఇండియాకు ముందుగా ఒకసారి తీసుకెళితే పిల్లలకు చలి అలవాటవుతుంది. హైదరాబాదు పిల్లలకు 2004 నుంచి స్నో వరల్డ్ ఉన్నట్టు. కానీ గోడల మధ్య మంచులో గాలి ఉండదు, అదొక్కటే బయట నేర్చుకోవాలి. ఆఫీసులో సోమవారం కూడా సెలవు పెట్టండి. ఆదివారం సాయంత్రం విమానం పట్టుకోవాలన్న తొందరలోనే మనిషి చివరి ఒక్క రౌండు దిగుతాడు, అలసిన కాళ్ళతో.

కిందటి ఫిబ్రవరిలో శనివారమంతా గొండోలా ఆగింది. మా అమ్మాయి, పక్క ఫ్లాటు పిల్లలిద్దరు, నేను సాయంత్రం దాకా ఆ చిన్న వాలు మీదే ఉన్నాం. పైన ఖాళీ తీగ ఊగుతోంది. చీకటి పడ్డాక హోటల్లో బూట్లు ఆరబెట్టి నాన్నకు ఫోను చేశాను. పైకి వెళ్ళారా అని అడగలేదు. మనవరాలికి ఇమ్మన్నాడు.

"ఏమ్మా, గాలి ఎటు నుంచి?"

అది కిటికీ దగ్గరికి వెళ్ళి, చీకట్లో కొండ ఉండే వైపు కాసేపు చూసింది.

"పొద్దున పడమర నుంచి తాతా. మూడింటికి మారింది. ఇప్పుడు ఉత్తరం నుంచి వస్తోంది."

"ఊఁ," అన్నాడు నాన్న. "అన్నం తిన్నారా?"